వంతెన దగ్గర ఐదుగురం అయ్యేదాకా

నాలుగుంపావు.
బొగొతా ఇంకా దుప్పటి తీయలేదు.
బెల్లం నీళ్ళు కాచి ఫ్లాస్కులో పోసుకుని
నిన్నటి మొక్కజొన్న రొట్టె సగం తుంచి జేబులో వేసుకుని
కుడికాలి ప్యాంటుకి రబ్బరు బ్యాండు తగిలిస్తాను.
అయినా గొలుసు ఎక్కడో ఒకచోట నల్లగా కరుస్తుంది.
నా ప్యాంట్లన్నీ కుడికాలి దగ్గరే ముసలివవుతాయి.

సైకిలు కొత్తది. ఎవరితోనూ అనకండి.
పదకొండు వాయిదాల్లో ఏడు కట్టాను.
కొన్న సాయంత్రమే ఎర్రటి ఫ్రేముకి నల్ల టేపు చుట్టేశాను,
బాగున్న సీటుని బ్లేడుతో చీరి మళ్ళీ కుట్టాను,
పసిపిల్ల బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు.
కంటికి ఇంపుగా ఉన్నదేదీ
బోసా నుంచి చపినేరో దాకా పదిహేడు కిలోమీటర్లు
క్షేమంగా వెళ్ళదు.

మొదటి గుంట బేకరీ ముందు.
రెండోది మూతలేని మ్యాన్‌హోలు.
ఎవరో పుణ్యాత్ములు గుర్తుకి చెట్టుకొమ్మ గుచ్చారు,
మునిసిపాలిటీ వచ్చేలోగా అది చిగురేసింది.
మూడోదానికి మా మేనేజరు పేరు పెట్టాను.
వాన పడితే అన్నీ ఒక్కలాగే మెరుస్తాయి.
లోతెంతో ముందు చక్రానికి తెలుస్తుంది
తర్వాత నడుముకి.

అసలు సంగతి వంతెన.
నది మీద ఇరుకుగా, దీపాలుండాల్సిన చోట ఉత్త తీగలతో.
ఒంటరిగా సైకిలెక్కి దాటబోయినవాళ్ళు
అవతల నడుచుకుంటూ తేలతారు.
అందుకే ఇవతలే ఆగుతాం, ఐదుగురం అయ్యేదాకా.
నియమం ఎవరు పెట్టారో తెలీదు,
నేను వచ్చేసరికే ఉంది.

చాలాకాలం పేర్లు తెలీవు. వెనక దీపాలే ఆనవాళ్ళు.
గుడ్డిగా మిణికేది ఎర్మోహెనెస్ పెద్దాయన, మాంసం కొట్టు.
రెండుసార్లు కొట్టి ఒకసారి ఆగేది నూబియా, ఆస్పత్రి లాండ్రీ.
దీపమే లేనివాడు విల్మర్.
ఫ్రేముకి పైపులు కట్టుకొచ్చే ప్లంబరు ఒకాయన,
పేరు ఇప్పటికీ అడగలేదు, ఇప్పుడడిగితే బాగుండదు.
నేను హోటల్లో ఉల్లిపాయలు కోస్తాను.
"ఎంతమందిమి?"
"నలుగురం."
ఫ్లాస్కు మూత చేతులు మారుతుంది.
పది నిమిషాలు దాటితే అరగంట కూలి కోత.
అయినా ఎవరూ పెడలు మీద కాలు వెయ్యరు.

నూబియా మూడు రోజులు రాలేదు.
మూడు రోజులూ దారినపోయే ఎవరో ఒకరి కోసం కాచుకుని దాటాం,
మూడు రోజులూ నా జీతంలోంచి ఉల్లిపాయ పొరలా కొంత ఊడింది.
నాలుగోనాడు బస్సు ఆగి ఆమె దిగింది.
సైకిలు పోయిందట. వంతెన మీద కాదు,
పట్టపగలు ఆస్పత్రి గేటు ముందు, తాళం సహా.
"నా కోసం ఆగుతుంటారని దిగాను. ఇక ఆగకండి"
ఆ ముక్క చెప్పడానికి
బస్సు టిక్కెట్టు నీళ్ళపాలు చేసుకుంది.

ఎవరికీ మాట రాలేదు. నది వాసన కొట్టింది.
ఎర్మోహెనెస్ వెనక క్యారేజీ మీది
కత్తుల సంచి విప్పి నా మెడకి తగిలించాడు.
"ఎక్కు" అన్నాడు.
అరవై రెండేళ్ళ మనిషి, మోకాలికి కట్టు.
వంతెన ఎత్తు మీద ఆయన ఊపిరి
తుప్పుపట్టిన పంపులా వినిపిస్తోంది,
మేమెవరం ఆయన్ని దాటిపోలేదు.
నాలుగు సైకిళ్ళు. ఐదుగురం.

హోటల్ గార్డు షరా మామూలే:
కార్ల పక్కన కాదు, చెత్తడబ్బాల పక్కన పెట్టుకో.
మంచిదే, అక్కడెవరూ చూడరు.
బాత్రూములో చొక్కా మార్చుకుని
తడి పేపరుతో మెడ మీది డీజిలు తుడుచుకుంటాను.
కిటికీలోంచి తూర్పు కొండల వెనక
అప్పుడే తీరిగ్గా తెల్లవారుతూ ఉంటుంది.

సాయంత్రం ఎదురుగాలి.
పొద్దున కూడా ఎదురుగాలే.
రెండువైపులా ఎదురెలా వస్తుంది, లెక్క కుదరదు కదా
అంటాడు విల్మర్.
వాడికి పంతొమ్మిదేళ్ళు.
ముందు దీపం కొనుక్కోరా అన్నాను.